‘మెయిన్’ నౌక ఎట్లా మునిగినది?

1898వ సంవత్సరం ఫిబ్రవరి 15వ తేదీ రాత్రి. క్యూబా ద్వీపపు రాజధాని హవానా. ఆ రేవులో అమెరికా సంయుక్త రాష్ట్రాల యుద్ధనౌక ‘మెయిన్’ నిలిచి ఉన్నది. గాలి లేదు. నీరు నిశ్చలంగా ఉన్నది. నావికులు పడుకొనే వేళ అయినదని తెలిపే బాకా మ్రోగినది. నౌకాధిపతి కెప్టెన్ చార్లెస్ సిగ్స్‌బీ తన గదిలో బల్ల ముందు కూర్చుండి భార్యకు ఉత్తరం వ్రాస్తున్నాడు. ఉత్తరం ముగించి కవరులో పెడుతుండగా, 9 గంటల 40 నిముషాలకు, ఓడ ముందు భాగం ప్రేలిపోయినది. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయినవి. ఓడ ఎడమ ప్రక్కకు ఒరిగి, కొద్ది సేపటిలోనే రేవు బురదలోకి దిగిపోయినది. దాని స్తంభాలు, వంకరలు తిరిగిన ఇనుప శిథిలం మాత్రమే నీటి పైకి కనబడుతూ మిగిలినవి.

ఓడలో ఉన్న సుమారు 350 మందిలో 260 మందికి పైగా మరణించారు. వీరిలో అధికారులు ఇద్దరే. దీనికి కారణం ఓడ కట్టడంలోనే ఉన్నది. అధికారుల గదులు వెనుక భాగంలోను, సామాన్య నావికులు పడుకొనే తావులు ముందు భాగంలోను ఉండేవి. మందుగుండు గదులు కొన్ని ఆ నావికుల తావులకు దిగువనే ఉండేవి.

నీటిలో పడినవారిని రక్షించడానికి మొదట వచ్చిన పడవలలో స్పెయిన్ దేశపు యుద్ధనౌక ‘అల్ఫాన్సో 12’ పడవలు కూడ ఉన్నవి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఎందుకనగా, కొద్ది రోజులకే ఆ స్పెయిన్ దేశమే ఈ నావికులను హతమార్చినదని అమెరికా అంతటా కేకలు చెలరేగినవి. సిగ్స్‌బీ ఆ రాత్రి తన ప్రభుత్వానికి పంపిన తంతిలో, మరింత సమాచారం అందేవరకు ప్రజలు ఏ నిర్ణయానికీ రాకుండా ఆగవలెనని కోరాడు. ఈయన వట్టి యోధుడు కాడు. 1870 ప్రాంతాలలో ‘బ్లేక్’ అనే పరిశోధక నౌకకు అధిపతిగా ఉండి మెక్సికో సింధుశాఖ లోతులు కొలిచిన శాస్త్రజ్ఞుడు. సన్నని ఉక్కు తీగతో సముద్రపు లోతు కొలిచే యంత్రాన్ని మెరుగుపరచినవాడు. ఆ సింధుశాఖలో అతి లోతైన ప్రదేశానికి ఈనాటికీ ఆయన పేరే ఉన్నది. కొలవనిదే అంకె చెప్పరాదన్న అలవాటు ఆయనకు ఉండియుండవచ్చును. పత్రికలకు ఆ అలవాటు లేకపోయినది.

ఈ ఓడ హవానాకు ఎందుకు వచ్చినది? క్యూబా అప్పటికి నాలుగు వందల సంవత్సరాలుగా స్పెయిన్ పాలనలో ఉన్నది. 1895లో అక్కడ స్వాతంత్ర్యం కొరకు తిరుగుబాటు మొదలైనది. దానిని అణచుటకు స్పెయిన్ పంపిన సేనాని వేయ్లర్ పల్లెలలోని జనాన్ని బలవంతంగా పట్టణాల చుట్టూ శిబిరాలలోకి తరలించాడు. ఆ శిబిరాలలో ఆకలితోను, రోగాలతోను అసంఖ్యాకంగా జనం చనిపోయారు. చక్కెర తోటలలో పెట్టుబడులు పెట్టిన అమెరికా వర్తకులకు నష్టం వచ్చినది. సామాన్య ప్రజలకు తిరుగుబాటుదారులపై సానుభూతి కలిగినది. 1898 జనవరిలో హవానా వీధులలో అల్లరులు జరిగినవి. తమ పౌరుల రక్షణకు అవసరమై రావచ్చునని, పైకి మాత్రం స్నేహపూర్వకమైన సందర్శనమని చెప్పి, అధ్యక్షుడు మెకిన్లీ ప్రభుత్వం ‘మెయిన్’ను పంపినది. అది జనవరి 25వ తేదీన రేవు చేరినది. ఈ మర్యాదకు బదులుగా స్పెయిన్ తన యుద్ధనౌక ‘విజ్కాయా’ను న్యూయార్కుకు పంపినది. పాపం, అది న్యూయార్కు చేరేసరికి ‘మెయిన్’ మునిగి మూడు రోజులైనది!

ఇక ప్రేలుడు జరిగినదన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. ముందు భాగంలోని మందుగుండు ప్రేలినదనడంలో కూడ సందేహం లేదు. అయిదు టన్నులకు పైగా తుపాకిమందు ఒక్కసారిగా మండితే తప్ప అంతటి విధ్వంసం జరగదు. సందేహమంతా ఒక్కటే. ఆ మందుగుండుకు నిప్పు అంటించినది ఏది? ఓడ లోపల పుట్టిన నిప్పా? లేక ఓడ అడుగున, నీటిలో, ఎవరో ఉంచిన మందుపాతరా? లోపలిదైతే అది ప్రమాదం. బయటిదైతే శత్రువు పని.

ఈ ప్రశ్నకు న్యూయార్కు పత్రికలు రెండు రోజులలోనే సమాధానం చెప్పివేసినవి. హర్స్ట్ నడిపే ‘జర్నల్’ పత్రిక ఇది శత్రువు చేసిన పనేనని పెద్ద అక్షరాలతో అచ్చు వేసినది. నేరస్థుని పట్టి ఇచ్చినవారికి 50,000 డాలర్లు బహుమానం ప్రకటించినది. పులిట్జర్ గారి ‘వరల్డ్’ పత్రిక కొంచెం నయం. అది తన శీర్షిక చివర ఒక ప్రశ్నార్థకం ఉంచినది. ఈ రెండు పత్రికలకూ అమ్మకాలలో గొప్ప పోటీ. ‘మెయిన్’ను మరువకండి అన్న నినాదం ఊరూరా వ్యాపించినది. దీనికి ముందు వారంలోనే, ఫిబ్రవరి 9న, స్పెయిన్ రాయబారి అధ్యక్షుని బలహీనుడని నిందిస్తూ వ్రాసిన సొంత ఉత్తరం ఒకటి దొంగిలింపబడి ‘జర్నల్’లో అచ్చయినది. కాబట్టి వాతావరణం అప్పటికే వేడెక్కి ఉన్నది.

అమెరికా నౌకాదళంలోనే వేరు విధంగా ఆలోచించినవారు లేకపోలేదు. మందుగుండు శాస్త్రంలో నిపుణుడైన ఫిలిప్ ఆల్జర్, తనకు తెలిసిన ఏ టార్పెడో ఐనా, మందుపాతర ఐనా ఇంతటి నష్టం తానుగా కలిగించలేదని, ఇది లోపలి మందుగుండు గది ప్రేలుడేనని వాషింగ్టన్ పత్రిక ఒకదానికి చెప్పాడు. నౌకాదళపు ప్రధాన ఇంజనీరు జార్జ్ మెల్విల్‌ది కూడ ఇంచుమించు ఇదే అభిప్రాయం. నౌకాశాఖలో సహాయ కార్యదర్శిగా ఉన్న థియోడోర్ రూజ్‌వెల్ట్‌కు ఆల్జర్ మాటలు ఏ మాత్రం రుచించలేదు. విచారణ సంఘంలో ఆల్జర్‌కు గాని, మెల్విల్‌కు గాని చోటు దొరకలేదు.

ఆల్జర్ వంటివారి అనుమానం దేనిమీద? బొగ్గు మీద.

ఆ కాలపు ఓడలన్నీ బొగ్గుతో నడిచేవి. అమెరికా నౌకాదళం పూర్వం ఆంత్రసైటు అనే గట్టి బొగ్గును ఎక్కువగా వాడేది. అది నెమ్మదిగా కాలుతుంది. దానికి బదులు బిట్యుమినస్ బొగ్గును వాడితే మంట త్వరగా రగిలి, ఆవిరి త్వరగా తయారై, ఓడ వేగం పెరుగుతుంది. అందుచేత దానిని వాడసాగారు. ఐతే ఈ బొగ్గుకు ఒక చెడ్డ గుణం ఉన్నది. దానికి ఎవరూ నిప్పు పెట్టనక్కరలేదు. అది తనంతట తానే అంటుకొనగలదు.

పచ్చి గడ్డిని సరిగా ఆరబెట్టకుండా వామి వేస్తే లోపల ఆవిరి పుట్టి, చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కుతుందని రైతులకు తెలుసు. గడ్డివామిలో మొదట వేడిని పుట్టించేవి సూక్ష్మజీవులు. బొగ్గులో వేడిని పుట్టించేది గాలిలోని ప్రాణవాయువు. బొగ్గు ముక్కలు ప్రాణవాయువును కొద్దికొద్దిగా పీల్చుకొని దానితో సంయోగం చెందుతూ ఉంటవి. ఇది కూడ ఒక విధమైన మండడమే. ఐతే బహు మెల్లగా, మంట లేకుండా జరుగుతుంది. బొగ్గు పలుచగా పరచి ఉంటే పుట్టిన కొద్దిపాటి వేడి గాలిలో కలిసిపోతుంది. గాలి బొత్తిగా చొరబడకపోతే అసలు వేడే పుట్టదు. ప్రమాదమంతా ఈ రెండింటికీ నడుమ ఉన్నది. కుప్ప పెద్దదై, సంయోగానికి చాలినంత గాలి చొరబడుతూ, వేడిని తీసుకొనిపోవడానికి చాలనంత గాలి మాత్రమే ఉంటే, లోపలి వేడి లోపలనే నిలిచిపోతుంది. వేడెక్కిన బొగ్గు ప్రాణవాయువును మరింత వేగంగా పీల్చుకొంటుంది. అందువలన వేడి ఇంకా పెరుగుతుంది. ఇట్లా ఒకదానిని ఒకటి పెంచుకొంటూ పోయి చివరకు కుప్ప నడుమ నిప్పు రాజుకొంటుంది. పొడి, తేమ, గంధకం కలిసిన ఖనిజాలు ఉన్నచో ఈ పని ఇంకా సులభమౌతుంది. మన సింగరేణి గనులలో బొగ్గు పొరలకు ఇట్లా తమంతట తామే నిప్పంటుకొనుట కొత్త విషయం కాదు. తవ్వి వదలిన భాగాలను గోడలు కట్టి గాలి ఆడకుండా మూసివేయడం అందుకే. ఓడలోని బొగ్గు కొట్టు, చుట్టూ ఇనుప గోడలతో, చీకటిగా, నిండుగా, సరిగా ఇట్టి ప్రమాదానికి అనువైన చోటు. ‘మెయిన్’ మునుగుటకు ముందే అమెరికా యుద్ధనౌకలు కొన్నింటి బొగ్గు కొట్లలో ఇట్టి నిప్పు పుట్టినది. వాటిలో ‘సిన్సినాటి’, ‘న్యూయార్క్’ అనే నౌకలు కూడ ఉన్నవి. సకాలంలో కనిపెట్టినందువలన అవి బయటపడినవి.

‘మెయిన్’లో ఎ–16 అనే సంఖ్య గల బొగ్గు కొట్టు ఒకటి ఉన్నది. దాని ఇనుప గోడకు ఆవలి ప్రక్కనే ఆరు అంగుళాల ఫిరంగుల మందుగుండు గది! ఆ కొట్టు నిండా బిట్యుమినస్ బొగ్గు ఉన్నది. తుపాకిమందు అంటుకొనుటకు ఇనుము ఎఱ్ఱగా కాగనక్కరలేదు. అంతకు చాలా తక్కువ వేడి చాలును.

ఐతే తొందరపడి బొగ్గునే దోషిగా నిలబెట్టుట కూడ న్యాయం కాదు. విచారణ సంఘం ముందు వచ్చిన సాక్ష్యం ప్రకారం ఆ బొగ్గును ఓడలోకి ఎక్కించేముందు పరీక్షించారు. ఎ–16 కొట్టు గోడలను నాలుగు వైపుల నుండి తాకి చూచుటకు వీలున్నది. ఆ రోజుననే ఒక ఇంజనీరు అధికారి దానిని చూచాడు. వేడి పెరిగితే హెచ్చరించే సాధనాలు పనిచేస్తూనే ఉన్నవి. అవి హెచ్చరించలేదు. ‘మెయిన్’లో అంతకుముందెన్నడూ బొగ్గు తనంతట తాను అంటుకొన్న దాఖలా లేదు.

విచారణ సంఘానికి అధ్యక్షుడు కెప్టెన్ విలియం సాంప్సన్. ఫిబ్రవరి 21న పని ప్రారంభించి సరిగా నాలుగు వారాలకు ముగించారు. రేవు నీరు మురికి, అడుగంతా బురద. గజ ఈతగాళ్లు శిరస్త్రాణాలు తగిలించుకొని దిగి, చాలా వరకు చేతులతో తడిమి చూచి చెప్పినదే ఆధారం. వారు చెప్పిన ముక్కలను కూర్చి ఓడ ఆకారాన్ని ఊహించి గీసినవాడు పవెల్సన్ అనే చిన్న అధికారి. అతడు నౌకానిర్మాణం కొంత చదువుకొన్నవాడు. అతడు కనుగొన్న సంగతి విచారణకంతటికీ కీలకమైనది.

ఓడ అడుగున ఈ కొన నుండి ఆ కొన వరకు వెన్నెముక వంటి ఉక్కు దూలం ఒకటి ఉంటుంది. దానికి అడ్డంగా ప్రక్కటెముకల వలె ఉక్కు చట్రాలు బిగిస్తారు. వాటిని ముందు నుండి వరుసగా లెక్కిస్తారు. 18వ చట్రం దగ్గర ‘మెయిన్’ వెన్నుదూలం విరిగి, ఇంటి కప్పు కొప్పు వలె పైకి లేచి ఉన్నది. ఓడ చెక్కు చెదరకుండా మునిగి ఉంటే ఎక్కడ ఉండవలెనో అక్కడి నుండి 30 అడుగుల పైకి వచ్చినది. అక్కడి అడుగు రేకు ఐతే 34 అడుగులు లేచి, నీటిమట్టానికి నాలుగు అడుగుల పైన కనబడుతున్నది. ఓడ లోపలి మందుగుండు ప్రేలితే అడుగుభాగం క్రిందికి పోవాలి గాని పైకి ఎందుకు వస్తుంది? క్రింది నుండి ఏదో బలంగా నెట్టినది. కాబట్టి మందుపాతర! రెండు ప్రేలుళ్లు వినబడినవనీ, మొదటి దానికి ఓడ పైకి లేచినదనీ చెప్పిన సాక్షులు ఈ ఊహకు తోడైనారు. మార్చి 21న సంఘం ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. నీటిలోని మందుపాతర ప్రేలి, దానివలన రెండో అంతకెక్కువో మందుగుండు గదులు ప్రేలినవని దాని సారాంశం. మందుపాతరను పెట్టినవారెవరో చెప్పుటకు సాక్ష్యం దొరకలేదని కూడ సంఘం ఒప్పుకొన్నది.

ఇదే సమయంలో స్పెయిన్ అధికారులు డెల్ పెరల్, సాలస్ వేరుగా విచారించారు. ఇరువురూ కలిసి విచారిద్దామని స్పెయిన్ అడిగినది గాని అమెరికా అంగీకరించలేదు. శిథిలాన్ని దగ్గరగా చూచే అవకాశం కూడ స్పెయిన్‌వారికి సరిగా దొరకలేదు. అందుచేత వారు చుట్టూ చూచారు. నీటి అడుగున మందుపాతర ప్రేలితే నీరు పెద్ద స్తంభంలాగ ఆకాశానికి లేవాలి. ఎవరూ అట్టి స్తంభాన్ని చూడలేదు. రేవులో చచ్చిన చేపలు తేలలేదు. ఆ రాత్రి గాలి, అలలు లేవు గనుక, ఓడ తనంతట కదిలి మందుపాతరను తాకుటకు వీలు లేదు. దూరం నుండి విద్యుత్తుతో ప్రేల్చి ఉంటే తీగలు దొరకాలి. అవి దొరకలేదు. పైగా, మందుపాతర తగిలి మునిగే ఓడలలో మందుగుండు గదులు కూడ ప్రేలుట సాధారణంగా జరగదు. ఈ వాదాలన్నీ సమాన బలం గలవి కావు. ఐనా నీటి స్తంభం మాట, తీగల మాట గట్టివే. స్పెయిన్‌కు తాను నిర్దోషినని తేల్చుకొనే స్వార్థం ఉన్నది గనుక వీటిని అమెరికాలో ఎవరూ చెవిని పెట్టలేదు.

తీర్పు రాకముందే యుద్ధానికి ఏర్పాట్లు మొదలైనవన్న సంగతి కూడ చెప్పాలి. సాంప్సన్ సంఘం ఇంకా సాక్ష్యం వింటూ ఉండగానే, మార్చి రెండవ వారంలో, అమెరికా శాసనసభలు ఒక్క వ్యతిరేక వోటైనా లేకుండా దేశరక్షణకు 5 కోట్ల డాలర్లు మంజూరు చేసినవి. మార్చి 17న సెనేటర్ ప్రాక్టర్ క్యూబా శిబిరాలలో తాను కళ్లారా చూచిన దుఃస్థితిని వర్ణించాడు. ఆ ఉపన్యాసం అంతవరకు వెనుకాడిన వ్యాపారస్తులను కూడ కదిలించినది. మార్చి 28న సాంప్సన్ నివేదిక శాసనసభకు చేరినది. మెకిన్లీ స్వయంగా అంతర్యుద్ధంలో పోరాడినవాడు. యుద్ధమంటే ఏమిటో ఎరిగినవాడు గనుక కొంతకాలం తటపటాయించాడు. ఏప్రిల్ 11న శాసనసభ అనుమతి కోరాడు. ఏప్రిల్ 25న యుద్ధం ప్రకటితమైనది. ఒక్క ‘మెయిన్’ వలననే ఈ యుద్ధం వచ్చినదనుట సరి కాదు. క్యూబా సమస్య అప్పటికే ముదిరి ఉన్నది. కాని, ఫిబ్రవరి 14న శాంతి కోరినవారు మాట్లాడగలిగారు. ఏప్రిల్‌లో వారి మాట వినేవారు లేరు.

యుద్ధం నాలుగు నెలలలోపే ముగిసినది. మే 1న ఎక్కడో పసిఫిక్ సముద్రంలో, మనీలా అఖాతంలో, స్పెయిన్ నౌకాదళం ఒకటి నాశనమైనది. జూలైలో క్యూబా దగ్గర మరొకటి. ఆ రెండవ దానిలో ‘విజ్కాయా’ కూడ ఉన్నది. డిసెంబర్ 10న పారిస్‌లో సంధి జరిగినది. క్యూబాను స్పెయిన్ వదులుకొన్నది. పోర్టోరికో, గ్వామ్ అమెరికాకు దక్కినవి. ఫిలిప్పీన్ దీవులను 2 కోట్ల డాలర్లిచ్చి అమెరికా తీసుకొన్నది. స్వాతంత్ర్యం వచ్చినదనుకొన్న ఫిలిప్పీన్ ప్రజలు కొత్త ప్రభువులతో మరల పోరాడవలసి వచ్చినది. ఆ పోరాటం మొదటి దానికంటె ఎంతో దీర్ఘమైనది, ఎంతో రక్తపాతంతో కూడినది. వారికి స్వాతంత్ర్యం 1946లో గాని రాలేదు. ఒక ఓడ అడుగున వంగిన దూలం ఎంత దూరం వెళ్లినదో చూడండి!

ఆ దూలం మాత్రం పదమూడు సంవత్సరాలు హవానా బురదలోనే ఉన్నది. రాకపోకలకు శిథిలం అడ్డమైనది. లోపల చిక్కుకొన్న మృతదేహాలకు సంస్కారం జరగలేదన్న బాధ కూడ ఉన్నది. 1910 చివర అమెరికా సేనకు చెందిన ఇంజనీర్లు దానిని తీయుటకు పూనుకొన్నారు. వారు చేసిన పని ఇంజనీరింగు చరిత్రలో చెప్పుకోదగినది. కృష్ణా గోదావరుల మీద ప్రాజెక్టులు కట్టేటప్పుడు పునాది దగ్గర నీరు రాకుండా తాత్కాలికంగా వేసే కాఫర్ డ్యాము మన పాఠకులు ఎరిగినదే. సముద్రపు రేవులో, ఓడ చుట్టూ, అట్టి కట్టను వారు నిర్మించారు. ఉక్కు పలకలను ఒకదానితో ఒకటి కొలికివేసి బురదలోకి దింపి, ఒక్కొక్కటి 50 అడుగుల వ్యాసం గల 20 పెద్ద గుండ్రని దొన్నెలుగా చేసి, వాటిని మట్టితో నింపారు. లోపలి నీటిని తోడివేశారు. 1911లో ‘మెయిన్’ పొడినేల మీద బయటపడినది. 60 మందికి పైగా నావికుల అవశేషాలు దొరికినవి. వాటిని ఆర్లింగ్టన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఓడ స్తంభం ఒకటి ఈనాడు కూడ అక్కడ నిలిచి ఉన్నది.

ఇప్పుడు తడిమి చూడనక్కరలేదు. కళ్లతో చూడవచ్చును, ఫొటోలు తీయవచ్చును. రియర్ అడ్మిరల్ వ్రీలాండ్ అధ్యక్షతన రెండవ సంఘం పరీక్షించినది. ఈ సంఘంలో నిపుణులు కూడ ఉన్నారు. వారు తేల్చినదేమి? 18వ చట్రం దగ్గర కొప్పు వలె లేచిన దూలానికి మందుపాతర కారణం కాదు! లోపలి మందుగుండు ప్రేలుడు వలననే అది వంగినది. 1898లో తీర్పుకు ఏది ప్రాణమో, దానినే 1911 సంఘం త్రోసివేసినది.

క్రింది నుండి నెట్టకుండా దూలం పైకి ఎట్లా వస్తుంది? ఆలోచిస్తే ఇది అంత విచిత్రం కాదు. లోపలి ప్రేలుడు వాయువులు అన్ని వైపులకూ సమానంగానే నెట్టుతవి. కాని, పై తట్టులోను ప్రక్కలలోను ఉన్న పలుచని గోడలు ముందుగా లొంగుతవి. క్రింద నీరున్నది. నీరు అణగదు. రెప్పపాటులో అది తప్పుకోలేదు గనుక రాతి నేల వలె నిలబడుతుంది. పైభాగం, ప్రక్కలు ఎగిరిపోయినాక ఓడ ముందు కొన, వెనుక భాగము అడుగున ఉన్న దూలంతో మాత్రమే అతుక్కొని ఉంటవి. రెండూ నీటితో నిండి చెరొక వైపున మునుగుతూ ఉంటే, మధ్య ఉన్న దూలం విరిచిన చెరకుగడ వలె పైకి మడత పడుతుంది.

ఐతే వ్రీలాండ్ సంఘం మందుపాతరను పూర్తిగా వదలలేదు. ఇంకా వెనుకగా, 28వ, 31వ చట్రాల మధ్య, ఎడమవైపు అడుగున ఒక రేకు లోపలికి వంగి ఉండడం వారు చూచారు. అక్కడ బయట ఒక చిన్న మందుపాతర ప్రేలి, ఆరు అంగుళాల మందుగుండు గదిని అంటించినదని చెప్పారు. తీర్పు అదే, స్థలం మాత్రం మారినది. ఒక స్థలంలో మందుపాతర ఉన్నదని నమ్మి దేశం యుద్ధానికి వెళ్లినది. ఆ స్థలంలో అది లేదని తేలితే, మరొక స్థలంలో దొరికినది! ఈ సంఘానికి పూర్వాభిప్రాయం లేదని చెప్పడం కష్టం.

పాడైన ముందు భాగాన్ని కోసివేసి, మిగిలిన ఓడకు అడ్డగోడ కట్టి నీటిపై తేలించారు. 1912 మార్చి 16న సముద్రంలోకి లాగుకొనిపోయి, సైనిక మర్యాదలతో లోతు నీటిలో ముంచివేశారు. వంగిన దూలం, వంగిన రేకు ఆ పిమ్మట ఫొటోలలోను, గీసిన పటాలలోను మాత్రమే మిగిలినవి.

ఆ ఫొటోలను మరల బయటకు తీసినవాడు అడ్మిరల్ హైమన్ రికోవర్. అణుశక్తితో నడిచే మొదటి జలాంతర్గామి ‘నాటిలస్’ నిర్మాణానికి కారకుడు ఆయనే. యంత్రాల విషయంలో అలసత్వాన్ని సహించని మనిషి. ఆయన ప్రోద్బలంతో హాన్సెన్, ప్రైస్ అనే ఇద్దరు నిపుణులు 1911 ఫొటోలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. వీరికి ఒక సౌకర్యం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో లెక్కలేనన్ని ఓడలు మైనులు తగిలి దెబ్బ తిన్నవి. యుద్ధానంతరం ఓడల అడుగున మైనులను ప్రేల్చి పరీక్షలు కూడ చేశారు. అందుచేత బయటి ప్రేలుడు ఉక్కుపై ఎట్టి గుర్తు వేస్తుందో వీరికి తెలుసు. అది ఒక చోట కేంద్రీకరించి, రేకును పళ్లెం వలె లోపలికి గుంటపరచి, చీల్చుతుంది. 1911 ఫొటోలలో అట్టి గుంట లేదు. లోపలికి వంగిన ఆ ఒక్క రేకు వంపు స్వల్పమైనది. లోపలి ప్రేలుడు అనంతరం వేగంగా చొచ్చుకొని వచ్చిన నీరు దానిని అట్లా వంచగలదు. 1976లో వెలువడిన రికోవర్ పుస్తకం ప్రకారం, ప్రేలుడు లోపలిదే. నిప్పు పుట్టినది బహుశా ఎ–16 బొగ్గు కొట్టులో. ఇందులో ‘బహుశా’ అన్న మాటను విడిచిపెట్టరాదు. ప్రేలుడు లోపలిదని చెప్పుటకు ఉక్కు సాక్ష్యం ఉన్నది. బొగ్గు వలన అని చెప్పుటకు నేరుగా సాక్ష్యం లేదు. నూరు కొట్లలో ఒకటి ఎట్లా అంటుకొన్నదో, ఆ ఒక్కటి కూడ ప్రేలుడులో పోయినది గదా!

ఇక్కడితో వాదం ముగియలేదు. 1998లో, ప్రమాదానికి నూరు సంవత్సరాలు నిండిన సందర్భంలో, ‘నేషనల్ జాగ్రఫిక్’ పత్రిక ఒక నౌకా ఇంజనీరింగు సంస్థ చేత కంప్యూటరుపై లెక్కలు కట్టించినది. బొగ్గు కొట్టులోని నిప్పు కొద్ది గంటలలోనే మధ్యగోడను మందు అంటుకొనేటంతగా వేడి చేయగలదని ఆ లెక్కలలో తేలినది. కాని, ఓడ అడుగు రేకులు వంగిన తీరును లెక్కించినప్పుడు, చిన్న మందుపాతర కూడ అంతకుముందు అనుకొన్న దానికంటె ఎక్కువ సంభావ్యమని అదే సంస్థ చెప్పినది. ఆ సంస్థలోని నిపుణులే అందరూ దీనికి ఒప్పుకోలేదు. హాన్సెన్ కూడ దీనిని ఖండించాడు.

కంప్యూటరులో కొలతలు మార్చి ఎన్నిసార్లైనా ప్రేల్చి చూడవచ్చును. దానికి ఇచ్చే కొలతలు మాత్రం 1911లో తీసినవే. 2000వ సంవత్సరంలో సముద్రగర్భ పరిశోధకులు హవానాకు కొన్ని మైళ్ల దూరంలో, 1,100 మీటర్లకు మించిన లోతున, ‘మెయిన్’ శిథిలాన్ని కనుగొన్నారు. సముద్రం దానిని చాలా వరకు భద్రంగా ఉంచినది. కాని అక్కడ ఉన్నది వెనుక భాగమే. 18వ చట్రం గాని, ఎ–16 బొగ్గు కొట్టు గాని, దానిని ఆనుకొన్న మందుగుండు గది గాని అక్కడ లేవు.